తువ్వాల కింద మార్కులు

షరీఫాబీ మేడం మార్కులు వేసేది కాదు, బేరమాడేది. అదీ నలుగురి ముందు, తువ్వాల కింద చేతులు దాచిపెట్టి.

వనపర్తిలో మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో మొదటి ఏడాది వాళ్లకు బొమ్మల క్లాసు ఒకటి ఉండేది. మట్టి, తీగ, గోనెసంచి, ఇంట్లో పారేసే వస్తువు, ఏది దొరికితే దానితో ఒక ఆకారం చేసి తేవాలి. ఆ క్లాసు ఆమెది. ఆమె తండ్రి ఫకీర్ సాబ్ పెబ్బేరు పశువుల అంగడిలో నలభై ఏళ్లు దళారీగా బతికాడు. అక్కడ ఎద్దు ధర నోటితో చెప్పరు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి తువ్వాల కింద కలుస్తాయి, వేళ్లే మాట్లాడుకుంటాయి. చుట్టూ మూగినవాళ్లకు గుడ్డ కదలడం తప్ప ఇంకేమీ కనిపించదు. చిన్నప్పుడు తండ్రి వెంట అంగడి తిరిగిన మేడం, తర్వాత హైదరాబాదు వెళ్లి శిల్పం చదివి వచ్చింది. చదువు వచ్చింది గానీ అంగడి మాత్రం వదల్లేదు.

ఆమె లెక్కలో శిల్పం కూడా పశువే. ముందు దాని చుట్టూ మూడుసార్లు తిరిగేది. వీపు మీద చరిచేది. వంగి కడుపు కింద చూసేది. ఒకసారి మా జోయా సైకిల్ రిమ్ములకు డ్రిప్పు పైపులు చుట్టి, పగిలిన గాజులు అతికించి, 'స్వేచ్ఛ' అని చీటీ పెట్టింది.

"ఏంది బిడ్డా ఇది?"

"స్వేచ్ఛ, మేడం."

"మంచిగుంది. పండ్లెన్ని?"

"స్వేచ్ఛకు పండ్లుంటయా మేడం?"

"నోట్ల పండ్లు సూడకుంట వయసెట్ల తెలుస్తది? సరే, నాలుగడుగులు నడిపియ్యి."

జోయా రిమ్మును తోసింది. స్వేచ్ఛ మూడడుగులు దొర్లి నా కాలి మీద పడింది. "నడక ఉన్నది, పగ్గమే లేదు" అని మేడం భుజం మీది ఎర్రగళ్ల తువ్వాల తీసింది.

బేరం పద్ధతి సులువే. తువ్వాల కింద ఆమె వేలు ఒకటి పట్టుకుంటే పది మార్కులు. కణుపు నొక్కితే అయిదు. చేయంతా పట్టుకుంటే యాభైకి యాభై. ముందు మనం అడగాలి, తర్వాత ఆమె చెప్పాలి, కుదిరేదాకా వేళ్లు కుస్తీ పట్టాలి. కింద ఏం జరిగినా పైన ఆమె అరుపు మాత్రం ఒక్కటే: "వామ్మో! నా కొంప ముంచుతున్నవ్ గదనే!" ఆ కేక విని పక్క గదిలో కామర్సు క్లాసు ఆగిపోయేది.

నేను పాత చీపుర్లతో నెమలి చేసి, సిగ్గు లేకుండా చేయంతా పట్టుకున్నాను. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. "వర్షా, సుడి మంచిగ లేదు నీ నెమలికి" అంటూ మూడు వేళ్ల దగ్గర ఆపి, జాలిపడి ఒక కణుపు నొక్కింది. గద్వాల ఇక్రా మగ్గాల దగ్గర మిగిలిన జరీపోగులతో కొంగ చేసింది. ఆమెకెంత వచ్చిందో మాకు తెలియదు. బయటికొచ్చి అడిగితే, "వామ్మో, నా కొంప ముంచుతున్నవ్" అని మేడం గొంతుతోనే జవాబు చెప్పింది.

రెండో టర్ములో కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. జములమ్మ మేడం, లెక్కల మనిషి. నవ్వు కూడా కొలిచి నవ్వేది. వచ్చీరాగానే షరీఫాబీ మేడంను పిలిపించింది.

"మార్కులు గుడ్డ కింద ఇస్తరట. ఇది కాలేజా, అంగడా?"

"అంగడే నయం మేడం. ఆడ ఎవ్వరూ ఫెయిలు గారు."

"ఈసారి నేను వస్త. ప్రతి పిల్ల మార్కు మైకుల చదవాలె. అంత బహిరంగంగ ఉండాలె."

ఈ మాట విని అందరికంటే ఎక్కువ వణికింది ఉప్పునుంతల నుంచి వచ్చిన కావ్య. అంతకుముందు నెల ఇంగ్లీషు పరీక్షలో ఆమెకు రెండు మార్కులు వచ్చాయని క్లాసులో పైకి చదివారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం కావ్య సంచి సర్దుకొని బస్టాండుకు పోతే, ఇక్రా, నేను పోయి బతిమాలి తెచ్చాం. "ఇంకొక్కసారి గట్ల సదివిన్రంటే మా ఊరి బస్సెక్కుత. మల్ల రాను, చదువొద్దు ఏమొద్దు" అని అప్పుడే తేల్చి చెప్పింది. కావ్య ఉత్తుత్తి మాటలు చెప్పే పిల్ల కాదు.

అలాంటి పిల్ల ఈసారి ఎద్దును చేసింది. పత్తికట్టెలతో కాళ్లు, వేరుశనగ పొట్టు నింపిన విత్తనాల సంచితో కడుపు. పైన పూయడానికి తమ చేనిలోంచి నల్లరేగడి మోసుకొచ్చింది. పత్తి పండించే మట్టి బొమ్మకు పనికిరాదా అనుకుంది. పత్తికి మంచిదే. ఎండితే మాత్రం నెర్రెలు బారుతుంది. ప్రిన్సిపాల్ మా క్లాసుకు వచ్చిన రోజు పొద్దుటికి ఎద్దు ఒళ్లంతా వేసవి చెరువులా పగిలింది. షరీఫాబీ మేడం అలవాటుగా వీపు మీద చరిచింది. ఒక చెవి రాలింది. తర్వాత ముందుకాళ్లు రెండూ విరిగి, ఎద్దు జములమ్మ మేడం చెప్పుల ముందు మోకాళ్ల మీద కూలబడింది.

ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. కావ్య గోడ పక్కనున్న సంచి వైపు చూసింది. ఆ సంచి సర్ది ఉందని అప్పుడే గమనించాను. అటెండర్ వెంకటన్న మైకు పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు.

"చదువుండ్రి" అంది ప్రిన్సిపాల్.

"చదువుత మేడం. గానీ ఈ ఒక్క బేరం మీరు చేసి సూడుండ్రి" అని షరీఫాబీ మేడం తువ్వాల తీసి ఆమె చేతి మీద కప్పింది. ఇంతమంది ముందు కాదనలేక జములమ్మ మేడం ఊరుకుంది. కావ్య తల వంచుకొని చేయి లోపల పెట్టింది.

తువ్వాల కొంచెం కదిలింది. ఆగింది. ప్రిన్సిపాల్ కావ్య ముఖం వైపు చూసింది, కూలిన ఎద్దు వైపు చూసింది, మళ్లీ తువ్వాల వైపు చూసింది.

"పైన జర లొల్లి చెయ్యాలె మేడం" అంది షరీఫాబీ మేడం నెమ్మదిగా. "లేకుంటే పక్కోళ్లు పసిగడుతరు."

జములమ్మ మేడం గొంతు సవరించుకుంది. "వామ్మో" అంది, హాజరు పిలిచినట్టు. అది చాల్లేదని తనకే అనిపించినట్టుంది. గట్టిగా ఊపిరి పీల్చి ఒక్కసారిగా అరిచింది: "వామ్మో! నా కొంప ముంచుతున్నవ్ గదనే!"

కామర్సు క్లాసు ఆగిపోయింది. మేము కడుపు పట్టుకొని నవ్వాం. ఈసారి నవ్వింది కావ్యను చూసి కాదు. కావ్య కూడా నవ్వింది.

"ఎంతకు కుదిరింది మేడం?" వెంకటన్న మైకు ముందుకు చాచాడు.

"పక్కోళ్ల బేరం నీకెందుకయ్యా? మైకు లోపల పెట్టు" అంది ప్రిన్సిపాల్.

అప్పటిదాకా ఆ తువ్వాలను చూసి నవ్వుకున్నాం. మాలో ఎవరు తక్కువో మాకు తెలియకుండా, ఒకరిని చూసి ఒకరం నవ్వే వీలు లేకుండా షరీఫాబీ మేడం చేసిందని నాకు ఆ రోజే అర్థమైంది. కావ్యకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పటికీ తెలియదు. అడగలేదు కూడా.

ఆ మధ్యాహ్నం ఉప్పునుంతల బస్సు పోయే వేళకు కావ్య క్లాసు గదిలోనే కూర్చొని ఎద్దు ముక్కలు ఏరుతోంది.

"మేడం, ఎర్రమట్టి ఏడ దొరుకుతది?" అని అడిగింది.

"రేపు నేనే తెస్త బిడ్డా. గడ్డి కలిపి తొక్కాలె. ఈసారి కాళ్లు గట్టిగ పెట్టు, ప్రిన్సిపాల్ మేడం మల్ల బేరానికి వస్తనన్నది."