కొక్కేనికి వేలాడిన మొక్కు

సకల ప్రాణుల భారం మోసే సింహాద్రి అప్పన్నకు ముందుగా నమస్కారం.

మా కోడలు బడిలో భౌతికశాస్త్రం చెబుతుంది. పిల్లలకు చూపడానికి బరువు చూసే యంత్రం కొని, మొన్న నన్ను లిఫ్టులో దానిమీద నిలబెట్టింది. లిఫ్టు కిందికి కదలగానే ముల్లు గబుక్కున వెనక్కి జరిగింది. "మీరేం తగ్గలేదు మావయ్యగారూ! మీలోని పదార్థం, అంటే ద్రవ్యరాశి, ఉన్నంతే ఉంది. యంత్రం మీద మీరు మోపే భారమే తగ్గింది" అంది. నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

ఆయన ఓడరేవులో పనిచేసేవాడు. కామెర్లు ముదిరి మంచం పట్టినప్పుడు, బతికి లేస్తే ఆయనకు సరితూగే బెల్లం ఇస్తానని పెద్దమ్మ అప్పన్నకు మొక్కుకుంది. ఆయన లేచాడు. ఎంత బెల్లం కొనాలో తెలియాలి కదా! "బావా, కొక్కేనికి ఏలాడు, తూసేత్తాను" అన్నాడట తోటి పనివాడు. క్రేను కొక్కేనికి తగిలించిన స్ప్రింగు కాటా పట్టుకుని పెదనాన్న వేలాడాడు. క్రేను నడిపేవాడికి వేళాకోళం పుట్టి కొక్కేన్ని జర్రున కిందికి వదిలాడు. సరిగ్గా అప్పుడే తోటివాడు కాటా చూశాడు. ఆ అంకె ప్రకారమే అనకాపల్లి బెల్లం ఇంటికొచ్చింది.

కొండమీద త్రాసులో ఒక పళ్లెంలో పెదనాన్న, రెండో దాంట్లో బెల్లం. దిమ్మలన్నీ అయిపోయాయి, ఆయన పళ్లెం నేల విడవలేదు. త్రాసు పదార్థాన్ని పదార్థంతోనే సరిచూస్తుంది, దాని దగ్గర వేళాకోళాలు సాగవు. మొక్కు తరుగైతే జబ్బు తిరగబెడుతుందని పెద్దమ్మ భయం.

"ఏటిది? సామికి తక్కువ తెచ్చినావా? మల్లీ మంచమెక్కుతావేటి?" అని ఏడ్చేసింది.

"నానేటి సేత్తాను? కొక్కెం అలాగ సెప్పింది" అన్నాడు పెదనాన్న, పళ్లెంలో మఠం వేసుకుని కూర్చునే.

వెనక వరసలోని ముసలావిడ తన బుట్టలోంచి బెల్లం దిమ్మ తీసింది. "ఏడవకే తల్లీ. సామి సొమ్ము సామికే, ఏసుకో." ఆవిడ వెనకాయన మరొకటి ఇచ్చాడు. పళ్లెం లేచింది. అందరూ గోవిందా అన్నారు.

మెట్లు దిగుతుంటే పెద్దమ్మకు ఇంకా గుబులే. "పరాయోల బెల్లంతో తీరిన మొక్కు మనదవుతాదా?"

"నాను మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి నువ్వొక్కదానివే మోసినావేటి? మన ఈదోలంతా మోసినారు కాదా!"

ఆ తర్వాత పెద్దమ్మ కొండకు వెళ్లినప్పుడల్లా ఒక బెల్లం దిమ్మ వెంట తీసుకెళ్లి, ఎవరి పళ్లెమైనా లేవకుండా ఆగిపోతుందేమోనని త్రాసు దగ్గర కాసేపు నిలబడేది.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఏ యంత్రం ఎక్కినా ముల్లు ఏళ్లుగా అక్కడే ఆగుతోంది, మోకాళ్లకు మాత్రం ఏటేటా నేను బరువవుతున్నాను. కాలం తూకం అలాంటిది. మీరూ నాతోపాటు చేతులు జోడించండి: స్వామీ, మా పళ్లెం లేవనినాడు మా వెనక ఎవరినైనా నిలబెట్టు. మరొకరిది లేవనినాడు మమ్మల్ని నిలబెట్టు.