ఏ గోడకు తగిలించాలో తెలియని పటం

మా చిన్నప్పుడు నాందేడ్‌లో మా నాన్నకి, అంటే బాపుకి, పటాలు కట్టే దుకాణం ఉండేది... కట్టినవి తీసుకెళ్లేదాకా గోడకు తగిలించేవాడు. ఎడమ గోడ దేవుళ్లది, కుడి గోడ పోయినవాళ్లది. పోయినవాళ్ల పటమైతే అద్దం మీద బొట్టు పెట్టి, గంధపు దండ డబ్బులు తీసుకోకుండానే వేసి ఇచ్చేవాడు.

ఒకరోజు కాన్వెంటు సిస్టర్ ఒకామె రంగుల బొమ్మ తెచ్చింది. మంచం మీద గడ్డం ముసలాయన, ఒక పక్క భార్య, ఇంకో పక్క ఆయన చెయ్యి పట్టుకుని కొడుకు. సెయింట్ జోసెఫ్ అట, ఏసుని పెంచిన తండ్రి, ప్రాణం పోతున్నదట... హిందీలో చెప్పి, పటం కట్టమని ఇచ్చి వెళ్లిపోయింది.

పటం కట్టాక బాపు తికమకపడ్డాడు. "తల చుట్టు ఎలుగున్నది, దేవుడే అనుకుంటే సచ్చిపోతుండు. ఏ గోడకు పెడ్దమే?" అని నన్నే అడిగాడు. తొమ్మిదేళ్లదాన్ని, నాకేం తెలుసు...

చివరికి కుడి గోడకే, మా తాత పటం పక్కన తగిలించి బొట్టు పెట్టాడు, దండ వేశాడు. తాత పోయి అప్పటికి రెండు నెలలు. ఆయనకు జబ్బు ఎక్కువైనప్పుడు నన్ను ధర్మాబాద్‌లో మేనత్త ఇంటికి పంపేశారు. తిరిగొచ్చేసరికి తాత పటమైపోయాడు.

సిస్టర్ వచ్చి దండ చూసింది. బాపు నాలుక కరుచుకుని తీయబోతే వద్దంది. ఆయన పోయిన రోజే వాళ్లకు పండుగట, అయినవాళ్లు పక్కనుండగా ఇలాంటి చావు ఇమ్మని ఆయన్నే మొక్కుతారట. బాపు తల గోక్కున్నాడు. నాకూ ఏమీ అర్థం కాలేదు.

ఆమె వెళ్లాక అడిగాను. "బాపూ, ఆ పటంల కొడుకును ఎవ్వలు బయటికి పంపలే గదా... నన్నెందుకు పంపిండ్రు?"

"భయపడ్తవని బిడ్డా." తాత పటం అద్దం తుడుస్తూ, "తాత నిన్నే అడిగిండు..." అన్నాడు.

ఏడవాలో, బాపు మీద కోప్పడాలో తెలియలేదు.

పోయినేడు బాపు వంతు వచ్చింది. ఆసుపత్రి వద్దన్నాడు, ఇంట్లోనే ఉంచాం. నా బిడ్డను ఎక్కడికైనా పంపెయ్యమని అందరూ అన్నారు. పంపలేదు. అది బాపు చెయ్యి పట్టుకునే కూర్చుంది... ఆ తర్వాత ఎన్నాళ్లో నిద్రలో ఉలిక్కిపడింది.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పుడైతే ఆసుపత్రులు, పోతున్నవాళ్ల దగ్గరికి పిల్లల్నే కాదు, పెద్దవాళ్లనూ రానివ్వకుండా తలుపు బయటే నిలబెడుతున్నాయి...

మీ ఇళ్లలో ఏం చేశారు? మిమ్మల్ని ఉండనిచ్చారా, పంపేశారా?