మెట్లెక్కని చెల్లెలి మడమ

ఈ ఉదయం కొవ్వు పరీక్షకని మా పాప మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దుతుంటే, ఆ చల్లని ఘాటు ముక్కుపుటాల గుండా నన్ను పదిహేనేళ్లు వెనక్కి, తిరుపతిలో కస్తూరమ్మగారి రక్తపరీక్షల గదిలోకి లాక్కుపోయింది. ఆ గది ఎంత ఇరుకంటే, సూది పట్టిన చెయ్యి లోపలుంటే మోచెయ్యి రోడ్డు మీదుండేది. నేనక్కడ రిపోర్టులు టైపు చేసేవాణ్ని. తప్పు దొర్లితే ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసే చూపుకు ఎదురింటి గోడ సున్నం రాలేది.

మా ఇంటి మగవాళ్లకు మడమ వెనక నరం మీద గట్టి గడ్డలుండేవి. ఏటా తిరుమలకు కాలినడకన వెళ్లే వంశం కనుక, అవి మెట్లెక్కి కాళ్లకు కాసిన కాయలని మాకు మహా గర్వం. పెళ్లిచూపుల్లో పంచె ఎత్తి మరీ చూపేవాళ్లం. తాత నలభై ఆరుకు, నాయన నలభై మూడుకు గుండె పట్టుకుని పోతే, స్వామి పిలుచుకున్నాడని సరిపెట్టుకున్నాం.

ఒకరోజు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే కస్తూరమ్మగారు నా మడమ చూశారు.

"ఏందప్పా అది?"

"కొండ మెట్ల కాయ మేడమ్. మా అన్నది సూస్తే దండం పెడతారు. శనివారం మళ్లా ఎక్కతా ఉండాడు."

"మీ ఇంట్లో మెట్లెక్కనోళ్లు ఎవరన్నా ఉండారా?"

"మా చెల్లెలు. బస్సులో తప్ప కొండకు రాదు."

"ఆ యమ్మ మడమ సూసి రా, పో."

ఆ సాయంత్రమే చెల్లెలి ఊరు ఐరాలకు బస్సెక్కాను. చెప్పు తియ్యమంటే చెల్లెలు, "ఏమన్నా, కాళ్లు మొక్కతావా?" అని నవ్వింది. దాని మడమ మీదా గడ్డ ఉంది. ఒక్క మెట్టయినా ఎక్కకుండానే! జీవితంలో మొదటిసారి నాకు హాస్యం తోచలేదు.

మర్నాడు అన్నను మేడమ్ దగ్గరికి లాక్కొచ్చి రక్తం తీయించాను; కొవ్వు మామూలుకు రెండింతలు పైనే ఉంది. గడ్డిపరక లాంటి మనిషి. "నాకు కొవ్వేంది మేడమ్? ఎముకలు లెక్కపెట్టుకోండి!" అన్నాడు.

"కొవ్వు ఒంట్లో లేదబ్బా, నెత్తురులో ఉండాది. మడమ మీద గడ్డగా పేరుకున్నదీ అదే, మెట్ల కాయ కాదు. నెత్తురులోని కొవ్వును లోపలికి లాక్కునే తలుపులు కాలేయానికి ఉంటాయి. మీ ఇంట్లో పుట్టుకతోనే అవి సగం మూసుండాయి. మీ తాత మీ నాయనకిచ్చినాడు, ఆయన మీకిచ్చినాడు. పస్తున్నా తెరుచుకోవు."

"శనివారం మొక్కుండాది మేడమ్."

"స్వామి యాడికీ పోడు. నువ్వే పోతావు. ముందు గుండె డాక్టరు మెట్లెక్కు!"

ఎక్కాడు. గుండె రక్తనాళం ఒకటి దారం దూరేంత సందు మిగుల్చుకుని ఉందట. అక్కడ స్టెంటు వేశారు. మా ముగ్గురికీ రోజూ మాత్రలు రాశారు.

కస్తూరమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిడ ప్రశ్న మాత్రం నాతోనే ఉంది. ఎవరు ఏ గొప్పకు ఏ కారణం చెప్పినా, ఆ మెట్లు ఎక్కకుండానే అది దక్కినవాళ్లెవరా అని వెతుకుతాను. ఈ గుణం చూసి సగం మంది బంధువులు నన్ను శుభకార్యాలకు పిలవడం మానేశారు.

అన్నకిప్పుడు యాభై ఐదు. మా వంశంలో జుట్టు నెరిసిన మొదటి మగవాడు. ఇంట్లో ముసలాయన సణుగుడు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ అనుభవం లేదు. కాఫీ చల్లారిందని ఆయన అరిస్తే చాలు, వదిన సంబరంగా వీధంతా చెప్పి వస్తుంది.