ఎడమ బూటు మీద వలపటి ఎద్దు

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదులెండి, చేతిలో సెల్‌ఫోను ఉండి తలలో ఏమీ లేని రోజులు) నా చదువు గురించి ఎవరైనా అడిగితే, వాళ్ళు కాఫీ ఊదుకునేలోపే జవాబు అయిపోయేది. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు విసుగొచ్చి "రేపట్నుంచి నువ్వు రాకపోయినా ఏం కాదులేప్పా" అన్నారు. పెద్దల మాట నేను విన్నది ఆ ఒక్కసారే. తర్వాత నంద్యాలలో సెల్‌ఫోన్ల అంగట్లో చేరి, పగిలిన అద్దాలు మారుస్తూ, వచ్చినవాళ్ళను నవ్విస్తూ బతికాను. నా మాటలకు నవ్వనివాడు లోకంలో ఒక్కడే, ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ. నా ఖర్మకొద్దీ నేను చేసుకోవాలనుకున్నది ఆయన కూతురినే.

మామకు కూతురు ఎంతో, బండలాగుడు పోటీలకు తిప్పే ఎద్దుల జత అంత (కాస్త ఎక్కువే). కాడికి కుడిపక్క కట్టే వలపటిది మచ్చలది, ఎడమపక్క కట్టే దాపటిది తెల్లది. పక్కలు మారిస్తే అవి అడుగెయ్యవు, మామ అన్నం ముట్టడు. పిల్లనడగడానికి పోతూ ఆ జతను నా బూట్ల మీద వేయించుకుంటే ఆయన కరిగిపోతాడని నా తెలివి. జతకు జత!

గోడల మీద అంగళ్ళ పేర్లు రాసే అన్న ఒకాయన, ఫ్లెక్సీలొచ్చాక గుడ్డబూట్ల మీద బొమ్మలేస్తున్నాడు. "ఏం బొమ్మప్పా? పులా, గద్దా?" అన్నాడు. "ఎద్దులన్నా" అన్నాను. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఫోటో తెచ్చినావా, నిన్నే చూసి ఏసెయ్యల్నా?" అన్నాడు. మామ కూతురు ఎద్దులకు ఎదురుగా నిలబడి తీసి, ఎవరికీ తెలీకుండా పంపిన ఫోటో చూపించాను. వారం తిరిగేసరికి బూట్లు తయారు, ఒక్కోదాని మీద ఒక్కో ఎద్దు. ఎద్దుల కళ్ళల్లో తడి కూడా కనిపిస్తోంది.

తొడుక్కుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్కసీటు అవ్వ నా కాళ్ళు చూసి చెంపలేసుకుంది. "పసుపూ కుంకమా పెట్టి మొక్కే ఎద్దుల్ని కాళ్ళకేసుకున్యావా నాయనా? పాపం తగలదా?"

నిజమే గదా! నాకెందుకు తట్టలేదు? మామ ఆ ఎద్దులకు మొక్కనిదే పొద్దున నీళ్ళు కూడా తాగడు! విప్పేద్దామంటే, ఉత్తకాళ్ళతో పిల్లనడగడానికి పోయేదెట్లా? కాళ్ళు సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాను. దిగేసరికి తిమ్మిరెక్కి అవి నావో ఎద్దులవో తెలియలేదు.

మామ దొడ్లో ఎద్దుల్ని తోముతున్నాడు. వెనక గుంజకు చర్నాకోల వేలాడుతోంది. మామ కూతురు వాకిలి పట్టుకుని నిలబడింది. "ఏందిరా ఆ కాళ్ళకు?" అంటూ మామ నా ముందు గొంతుక్కూర్చుని చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"తప్పయింది మామా, ఎద్దుల్ని కాళ్ళకు..."

"నోర్ముయ్! కాళ్ళ సంగతి ఎవడడిగినాడు? వలపటిదాన్ని దాపట కట్టినావు గదరా!"

అప్పుడు వెలిగింది. ఎదురుగా తీసిన ఫోటోలో కుడి ఎద్దు ఎడమ పక్కకు పడుతుంది. బొమ్మలేసిన అన్న పాపం ఉన్నదున్నట్టు దించేశాడు.

"మార్చి తొడుక్కో" అన్నాడు మామ.

"ఎడమ బూటు కుడికాలికా మామా?"

"ఎద్దు యాడుండాల్నో ఆడుండాల. తొడుక్కుని కయ్య దాకా పోయి రాపో."

చర్నాకోల వైపు ఒకసారి చూసి తొడుక్కున్నాను. కయ్య, అదే వాళ్ళ పొలం, మన కంటికి దగ్గరే, వంకర బూట్లకు మాత్రం కాశీ అంత దూరం. ఆయన వెనకే నడుస్తున్నాడు. చిటికెన వేళ్ళు మండిపోతున్నాయి. కుంటితే ఏమంటాడో, ఆగితే ఏం చేస్తాడో, చివరికి పిల్లనివ్వనంటాడో! బతుకులో మొదటిసారి అంతసేపు నోరెత్తకుండా ఉన్నాను. తిరిగొచ్చాక మామ నా కాళ్ళు కూడా చూడకుండా ఎద్దులకు గడ్డేస్తూ, "మీ అమ్మను రమ్మను, మాట్లాడల్ల" అన్నాడు.

ఇప్పుడా బూట్లు మా బీరువా మీద ఉన్నాయి, ఏ పక్క ఎద్దు ఆ పక్కనే. మొన్న దుమ్ము తుడుస్తూ మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. "చూసినావా, ఈ బొమ్మలు చూసే గదా మీ నాయన కరిగిపోయి నిన్నిచ్చింది!"

ఆవిడ తలెత్తకుండా చిక్కుడుకాయలు తుంచుతూ అంది: "బొమ్మలు చూసి గాదు. మా నాయన ఏ ఎద్దునైనా నడిపించి చూసినాకనే ఇంటికి తోలుకొస్తాడు."