పొట్టి దర్జీ వచ్చే నెల

యూనిఫారాల దుకాణంలో దర్జీ పని చేసే ఆ ఇల్లాలు మొండిదని అక్కడ అందరికీ తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. ఆ మొండితనంలో సగం క్రిస్మస్ కోసం దాచుకుంటుందని మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు.

డిసెంబరు ఒకటో తారీఖు నుంచి పండగ దాకా వాళ్ళింటికి పొట్టి దర్జీ వస్తాడు. బెత్తెడు మనిషి. ఎవరి కంటా పడలేదు. పిల్లల బట్టల్లో ఏదో ఒకటి కుట్టేసి పోతాడు. ఒకరోజు చొక్కా చెయ్యి మూసుకుపోయి ఉంటుంది, ఇంకోరోజు మేజోళ్ళు రెండూ అతుక్కుని ఉంటాయి. దారం కొస పట్టుకుని లాగితే సర్రున మొత్తం ఊడి వస్తుంది. లోపల ఒక పిప్పరమెంటో, రంగు గుండీయో, కాగితం నక్షత్రమో. ఎనిమిదేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు పొద్దున్నే బీరువా ముందు ఒకరినొకరు తోసుకుంటారు. లేవండి, తయారవండి అని ఆ నెలంతా ఎవరూ అరవనక్కర్లేదు.

అది దర్జీలు వేసే కచ్చాకుట్టు. అసలు కుట్టు వేసేముందు బట్ట కదలకుండా దూరం దూరంగా కుట్టి, చివర ముడి వేయకుండా వదిలేస్తారు. మధ్యాహ్నం భోజనం వేళ, డబ్బా మూత పెట్టేసి, సంచిలోంచి పిల్లల చొక్కా తీసి ఆమె ఆ పని కానిస్తుంది.

"జీతం లేని పని మీద నీకెంత శ్రద్ధే," అంటుంది పక్క మిషన్ ఆవిడ.

"జీతం ఉన్నదాని మీదా ఉందిగా అక్కా," అంటుంది ఈమె తలెత్తకుండా.

ఈ ఏడు డిసెంబరుకి ఆమె తండ్రి వచ్చాడు. కంటి ఆపరేషన్ చేయించుకుని, నెల్లాళ్ళు ఉండడానికి. ముప్పై ఒక్కేళ్ళు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. తక్కెడ పళ్ళెం అడుగున అంటించిన మైనం ముద్దను గుమ్మంలోంచే పసిగట్టేవాడు. ఇంట్లో కూడా అదే ఉద్యోగం. ఈమెకు ఏడేళ్ళప్పుడు, క్రిస్మస్ తాత ఒళ్ళో కూర్చుని మురిసిపోతుంటే, నలుగురిలో ఆ గడ్డం లాగి, "దూది. మన మందుల షాపు గుమాస్తా," అని చూపించాడు. నిజం చెబితే కూతురు ఎందుకు ఏడ్చిందో ఆయనకు నేటికీ అర్థం కాలేదు. అర్థం కాకపోవడం తప్పు కాదు. అర్థం చేసుకోనక్కర్లేదనుకోవడమే తప్పు.

వచ్చిన మూడో రోజే కూతుర్ని పిలిచాడు. "పిల్లలకి అబద్ధాలు నేర్పుతున్నావు."

"ఆట నేర్పుతున్నా నాన్నా."

"ఆటైతే ఆటని చెప్పు. ఆదివారం లోపు నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"నాకు చెప్పారుగా, చాలు. వాళ్ళకి చెప్పడానికి వీల్లేదు. ఇది నా ఇల్లు."

ఆ మాట అనడానికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు పట్టింది. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోలేదు. భర్త పేపరు చాటున దాక్కున్నాడు. మామగారికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కున్న ఏ అల్లుడైనా చేసే పని అదే.

శనివారం దుకాణంలో ఊపిరాడని పని. పొద్దుట్నుంచీ గుండీలు కుట్టీ కుట్టీ ఉన్న చెయ్యి, కూతురి గౌను జేబు మూసి, అలవాటు కొద్దీ చివర మూడు చుట్ల ముడి వేసేసింది. ఆమె చూసుకోలేదు.

ఆదివారం పొద్దున్న కూతురు దారం లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. తర్వాత గౌనుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆ ముడి చూసింది. తన కోటు గుండీల వెనకా, తమ్ముడి నిక్కరు గుండీ వెనకా రోజూ చూసే అమ్మ ముడే అది. పిల్ల కదలకుండా నిలబడిపోయింది. తల్లి గుమ్మంలోంచి చూస్తోంది.

తాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చెప్పమ్మా, ఎవరు కుట్టారది?"

"వద్దు నాన్నా."

"నిన్నడగలేదు."

పిల్ల తల్లి వంక చూసింది. ఆ చూపులో ప్రశ్నేమీ లేదు. తమ్ముడు నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు.

"పొట్టి దర్జీయే తాతయ్యా," అంది. "ముడి వెయ్యడం కొత్తగా నేర్చుకున్నట్టున్నాడు." కత్తెర తెచ్చి ముడి కోసి, లోపలి నక్షత్రాన్ని తమ్ముడి చేతిలో పెట్టింది.

తల్లి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చింది. ఎనిమిదేళ్ళకే తెలిసిపోయిందే అని బాధ. తెలిసి కూడా తనలా ఏడవలేదని గర్వం.

తండ్రి వెనకే వచ్చాడు. "చూశావా, అబద్ధం ఎంత బాగా అబ్బిందో. రేపు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెబుతా."

"చెప్పండి. మీరు ఎన్నిసార్లు విప్పితే అన్నిసార్లు కుడతా. కుట్టడమేగా నా పని."

సోమవారం ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటే కుడి చెయ్యి మణికట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. చెయ్యి ఇరుక్కునే బయటికొచ్చాడు. "ఇది నీ పనేనా?"

ఆమె దగ్గరికొచ్చి చూసింది. ఎర్ర దారం. ఒక కుట్టు జానెడు, ఒకటి గోరంత, మధ్యలో బట్ట ముడతలు పడిపోయింది. పిల్ల బూటు లేసు కట్టుకుంటూ తలెత్తలేదు.

"నేను కాదు నాన్నా," అంది. "బాగా చూడండి. నా చేతి కుట్టు ఇలా ఉంటుందా?"

ఆయన చూశాడు. దొంగ తూకాలు పట్టి పట్టి ఉన్న కళ్ళు. కూతురు నిజమే చెబుతోందని తెలిసింది. ఈలోగా పిల్లవాడు పరిగెత్తుకొచ్చి మోకాలు పట్టుకున్నాడు. "తాతయ్యా, నీక్కూడా కుట్టాడు. నువ్వంటే ఇష్టం కాబోలు."

చెబుతానన్న నిజం నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు తిప్పకుండా తండ్రినే చూస్తోంది. ఆయన పిల్లవాడి మొహంలోకి చూసి, ఇరుక్కున్న చేతిని చూసుకుని, మళ్ళీ పిల్లవాడిని చూశాడు.

"ఏ కొస లాగాలి?" అని అడిగాడు కూతుర్ని.

"నన్నడక్కండి," అంది ఆమె. "వాళ్ళనడగండి."