హార్టు షేపులో మిగిలిన చెయ్యి

హోసూరులో నేను స్టూడియో పెట్టి, కంప్యూటర్ కొన్న కొత్తలో జనానికి హార్టు పిచ్చి పట్టింది. ఎవరి ఫొటో అయినా సరే, హార్టు షేపులో కత్తిరించి ఇవ్వాలి. పెళ్లికొడుకు హార్టులో, పెళ్లికూతురు హార్టులో, చివరికి షష్టిపూర్తి చేసుకున్న తాతా అవ్వా కూడా హార్టులోనే. నలుచదరంగా ఉన్న ఫొటోకు ఏం తక్కువైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మౌసు పట్టుకుని ఆ వంపుల చుట్టూ తిరిగి తిరిగి మణికట్టు వాచిపోయేది. కాదంటే పక్క స్టూడియోకు పోతారు.

ఒకరోజు మధ్యాహ్నం కెలమంగలం నుంచి పట్టుపురుగులు పెంచే రైతు ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల బిడ్డకు చెవులు కుట్టించినప్పుడు ఫొటోలు తీసింది నేనే. మా వైపు చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. ఒక ఫొటోలో బిడ్డ అలాగే కూర్చుని నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఆ తర్వాత ఈయనకూ, ఆ మేనమామ అయిన బావమరిదికీ బోరు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ ఫొటోను పెద్దది చేసి హాల్లో పెట్టాలి, అందులో బావమరిది ఉండకూడదు. బిడ్డ ఒక్కతే హార్టులో రావాలి. ఉన్నది ఉన్నట్టు చేయిస్తే ఏమని భార్య మెల్లగా అడిగింది. ఆయన వినిపించుకోలేదు. ఆమెకు తోబుట్టువు ఆ తమ్ముడొక్కడే.

ముఖం తీసేయడం నిమిషం పని. చెయ్యితోనే చావు వచ్చింది. కంసాలి చెవి కుడుతుంటే బిడ్డ తల కదలకుండా మేనమామ గట్టిగా పట్టుకున్నాడు. చెవి సరిగ్గా అతని వేళ్ల మధ్య ఉంది. హార్టు చిన్నది చేస్తే చెవి పోతుంది, పెద్దది చేస్తే చెయ్యి వస్తుంది. గుండ్రంగా చేశాను. కోడిగుడ్డులా చేశాను. రైతు చెప్పాడని నక్షత్రం కూడా చేశాను, దాని కొమ్ములోకి బొటనవేలు వచ్చి కూర్చుంది. చెయ్యి చెరిపి పక్క చర్మం అతికిస్తే చెంప బూరెలా ఉబ్బింది. చెవులు కుట్టిన ఫొటోలో చెవి లేకపోతే ఇక ఆ ఫొటో ఎందుకని అడిగాను. కంప్యూటర్లో అన్నీ అవుతాయంట కదా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గంటసేపు ఇలా సతాయించి చివరికి దిగివచ్చాడు.

"చెయ్యి ఉండనీప్పా. మొగం మాత్రం వద్దు."

ఆ మాట అని బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. అంతవరకూ బెంచీ మీద కూర్చున్న ఆమె లేచి నా పక్కకు వచ్చింది.

"కత్తిరించిన ముక్క యాడ పడేస్తావప్పా? నాకిస్తావా?"

కంప్యూటర్లో కత్తిరిస్తే ముక్క కింద పడదని చెప్పబోయి మానుకున్నాను. మొత్తం ఫొటోనే ఇంకో ప్రింటు తీసిస్తానన్నాను. ఇంట్లో కనబడితే గొడవ, మొగం చాలంది. పాస్‌పోర్టు సైజులో తమ్ముడి ముఖం, భుజాలు వచ్చేలా ప్రింటు తీసి ఇచ్చాను. చాలాసేపు చూసింది. చెయ్యి రాలేదే అంది. అది మీ ఇంటాయన ఫొటోలో ఉందమ్మా అన్నాను.

"అయితే మేలేప్పా. వాడు మా గడప తొక్కి ఏడాదైంది. చెయ్యన్నా వస్తాది."