గాజుముక్క పగిలితే చెప్పండి

ఆ వీధిలో వంకరగా ఉన్న వస్తువేదీ ఎక్కువకాలం బతకలేదు. గోడమీది ఫొటో అయినా, కొట్టు ముందు బోర్డు అయినా, తాపీమేస్త్రీ కంటబడితే చాలు, వేలు పెట్టి సరిచేసేవాడు. సెలూన్లో తన వంతు కోసం కూర్చుని, పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నవాడి తల కూడా ఒకసారి సరిచేశాడు. సెలూన్ అతను దండం పెట్టాడు: "బాబ్బాబూ, కత్తి నా చేతిలో ఉంది. ఆయన పీక నీ చేతిలో ఎందుకు?" ఇంకోసారి ఫొటో దిగడానికి వెళ్లి, స్టూలు మీంచి లేచి వచ్చి, ఫొటోగ్రాఫర్నే భుజాలు పట్టుకుని తిన్నగా నిలబెట్టి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. అలా నిటారు మేస్త్రీ అన్న పేరు స్థిరపడిపోయింది.

వెనక ఎంత నవ్వినా, ఇల్లు కట్టించుకోవాలంటే అందరూ ఆయన గుమ్మం ముందే నిలబడేవాళ్లు. బడికి ఎదురుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఇళ్ల వరసంతా ఆయన చేతిమీద లేచిందే. చివరిల్లు ఆయనది. బడిలో పిల్లలు భోంచేసే షెడ్డు గోడలూ ఆయనవే.

ఆ షెడ్డులో వంట చేసేది ఆయన అక్క. తల్లి పోయాక ఆయన ముక్కు తుడిచి, చెవులు మెలేసి, ముద్దలు పెట్టి పెంచిన మనిషి. తమ్ముడికి జుట్టు నెరిసినా ఆమెకి ఇంకా 'ఒరేయ్'నే. పిల్లలందరూ తిని లేచాక వెనకగోడకి వీపు ఆనించి తన పళ్లెం ఒళ్లో పెట్టుకునేది. తిన్నాక అక్కడే ఒక కునుకు తీసేది. ఎవరైనా కుర్చీ వేసుకోమంటే, "మా తమ్ముడి గోడుండగా నాకు కుర్చీ ఎందుకూ?" అనేది.

ఆ ఏడు బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. పుస్తకంలో కన్నా వీధిలోనే ఎక్కువ చదువుందని ఆవిడ నమ్మకం. వారానికొక పనిమనిషిని, అంటే చేతిపని తెలిసిన మనిషిని, బడికి పిలిచి పాఠం చెప్పించేది. దర్జీ వచ్చి టేపుతో కొలవడం నేర్పాడు. పిల్లలు వీధికుక్కలన్నిటి నడుములూ కొలిచారు. సైకిల్ షాపతను టైరుకి గాలి కొట్టడం నేర్పాడు. కొట్టి చూపించాలంటే ముందు ఉన్న గాలి తీసెయ్యాలి కదా, తీసేశాడు. పిల్లలకి బుర్రకెక్కింది ఆ ముందు భాగమే. ఆ వారం వీధిలో ఏ టైరూ నిలబడలేదు.

తర్వాత మేస్త్రీ వంతు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ముందు నల్లబల్ల సరిచేసి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు.

"గోడకి నోరు లేదర్రా. అయినా చెప్పాల్సింది చెబుతుంది. బీట పడిందనుకోండి, పైన చర్మం పగిలిందా, లోపల ఎముక విరుగుతోందా? తెలియాలంటే ఇదిగో." సంచిలోంచి సన్నటి గాజుముక్క తీశాడు. "బీటకి అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాలి. గోడ కదిలిందా, గాజు సాగదు, పగులుతుంది. పగిలితే వెంటనే పెద్దవాళ్లకి చెప్పాలి."

అతికించడానికి షెడ్డు వెనకగోడలో వెంట్రుకలాంటి బీట ఒకటి ఆయనే చూపించాడు. "ఇది ఉత్త పైపూత పగులు. అయినా పాఠానికి పనికొస్తుంది."

ఆ గాజుముక్క పెట్టింది మూడో క్లాసు పిల్ల. ఆమె కంట పడనిది లేదని క్లాసంతా సీసీ కెమెరా అని పిలిచేవాళ్లు. పెట్టి ఊరుకోక, మూలన వాళ్లమ్మ గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టింది. "నాదని గుర్తు," అంది.

అద్దాల షాపులో పారేసిన ముక్కలు ఏరుకొచ్చి, సాయంత్రానికల్లా పిల్లలు ఎవరింట్లో వాళ్లు బీటలు వెతికి అతికించేశారు. మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరులా వరసంతా తిరిగి చూశాడు. మర్నాటి నుంచి బడి మొదలవగానే టీచరమ్మ అడిగేది, "గాజుముక్కలు ఎలా ఉన్నాయి?" పైకప్పు ఎగిరిపోయేలా వచ్చేది జవాబు, "బాగున్నాయి టీచర్!"

కొన్నాళ్లకి బడికీ ఇళ్లకీ మధ్య రోడ్డుమీద, కింద నీళ్ల పైపు పోయేచోట, ఒక తడిమరక కనిపించింది. వాన లేదు. ఎండ మాడు పగలగొడుతోంది. మరక మాత్రం ఆరలేదు. కుక్కలు చల్లగా ఉందని దానిమీద పడుకునేవి.

"ఒరేయ్, షెడ్డు తలుపు పట్టేస్తోందిరా. భుజంతో నెట్టాల్సొస్తోంది," అంది అక్క.

"తలుపు అదే, భుజం అదే. వయసే మారింది అక్కా."

"నీ నాలిక్కి రసమట్టం పెట్టి వంకర తియ్యాలిరా ముందు!"

సెలవునాడు పొద్దున్నే చిత్రిక పట్టుకుని తలుపు సంగతి చూడ్డానికి వెళ్లాడు. బడిలో పిట్ట లేదు. లోపల వెనకగోడ మీద గాజుముక్క నడిమికి విరిగి ఉంది.

బంతి తగిలుంటుంది అనుకున్నాడు. బంతి కోసం వెతికాడు. దొరకలేదు. చెబితే షెడ్డు మూసేస్తారు. అక్క పని ఆగుతుంది. అంతకన్నా ముందు సెలూన్లో మొదలవుతుంది, నిటారు మేస్త్రీ గోడ వాలిందని. బతికున్నన్నాళ్లూ అదే మాట. సంచిలోంచి ఇంకో గాజుముక్క తీసి, పాతది ఊడబెరికి, అదే చోట అతికించాడు. నిజంగా కదులుతుంటే ఇదీ చెబుతుందిలే అనుకుని, తలుపు చెక్కడం మరిచిపోయి ఇంటికొచ్చేశాడు.

మర్నాడు బడి వదలగానే సీసీ కెమెరా ఆయన ఇంటి గుమ్మంలో నిలబడింది.

"మేస్త్రీ తాతా, నా గాజుముక్క ఏది?"

"అక్కడే ఉందిగా."

"అది నాది కాదు. నాదానికి చుక్కుంది."

"వానకి పోయుంటుంది."

"వాన ఎక్కడ పడింది?"

"ఎండకి పోయుంటుందిలేవే."

పిల్ల కదల్లేదు. "పగిలిందా తాతా?"

మేస్త్రీ వీధి అటూ ఇటూ చూశాడు. చాక్లెట్ తీసి చేతిలో పెట్టాడు. "పగిలితే ఏమైంది? పగిలింది తీసేశాం, కొత్తది పెట్టాం. సరిపోయింది. పెద్దవాళ్లకి చెప్పి గోల చెయ్యకు. ఊరికే కంగారుపడతారు."

"చెప్పనులే," అంది పిల్ల. మాట నిలబెట్టుకుంది. పెద్దవాళ్లెవరికీ చెప్పలేదు.

కొత్త గాజుముక్క కూడా విరిగింది. ఈసారి అతికిస్తూ మేస్త్రీ సిమెంటు చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. అయినా ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాడు. నేలే కదిలితే ఎదురుగా ఉన్న ఇళ్లలో గాజుముక్కలూ పగలాలి కదా? పిల్లలు రోజూ గొంతు చించుకుని బాగున్నాయంటున్నారు కదా? అయితే ఇది బంతే. దిక్కుమాలిన బంతి.

అద్దాల షాపాయన కనపడి నవ్వాడు. "ఏం మేస్త్రీ, నీ శిష్యులు నా చెత్తడబ్బా ఊడ్చేస్తున్నారు! రోజూ ఎవడో ఒకడు గాజుముక్క కావాలని వస్తాడు. చేపలతొట్టి కడుతున్నావా ఏంటి?"

"చదువుమీద శ్రద్ధయ్యా. నీకెక్కడ తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రీ. అని, నవ్వుతూనే నడిచి వెళ్లిపోయాడు. రోడ్డుమీద మరక ఇప్పుడు అటు ఇళ్ల అరుగుల దాకా పాకింది.

అప్పుడు మొదలైంది ఇసుక. భోజనాల్లో పిల్లలు పళ్లకింద కరకరమంటే ఉమ్మేస్తున్నారు. ఒకరోజు ఓర్చుకుని, రెండోరోజు మందలించి, ఆ తర్వాత టీచరమ్మ అందరిముందూ అనేసింది, "కడిగి వండలేకపోతే చెప్పమ్మా, వేరేవాళ్లని చూసుకుంటాం."

అక్క పిల్లల్ని తింటూ ఉండమని, పిడికిలి బిగించుకుని, గరిటె చేత్తోనే రోడ్డు దాటింది. మేస్త్రీ ఎవరింటిదో మెట్టు సరిచేస్తున్నాడు.

"ఒరేయ్, చెయ్యి పట్టు." పిడికిలి విప్పింది. "గింజ గింజా ఏరి కడిగానురా! ఇది ఎక్కడిదో చెప్పు. నా వంటలోదేనా?"

మేస్త్రీ వేళ్ల మధ్య నలిపి చూశాడు. గింజల్లో వచ్చే రాయి కాదది. ఒకవైపు సిమెంటు అంటుకుని ఉన్న ముతక ఇసుక. ఎన్నో ఏళ్ల కిందట తనే జల్లించి, తనే కలిపి, తనే పూసింది.

"ఎవరి పళ్లెంలోది?"

"వెనకగోడ వరసలోనే వస్తోందిరా. మిగతా వాళ్లకి లేదు. అదే నాకూ..."

ఆమె మాట పూర్తయ్యేసరికి ఆయన చెప్పులొక్కటే అక్కడున్నాయి.

షెడ్డు తలుపు సగమే తెరుచుకుని బిగుసుకుపోయి ఉంది. లోపల గోడ పొడుగునా పిల్లలు. వాళ్ల తలలపైన గాజుముక్క రెండుగా విరిగి, ఒక సగం వేలాడుతోంది. బీటలో వేలు పడుతుంది. అవతలి వెలుతురు సన్నగా లోపలికి వస్తోంది. ఎవరి భుజంమీదో పిండిలాంటి దుమ్ము రాలింది.

అరిస్తే అందరూ ఒక్కసారిగా ఆ సగం తలుపుమీద పడతారు. తలుపు చట్రం ఆ గోడని ఆనుకునే ఉంది.

"ఏమర్రా, ఒక ఆట!" అన్నాడు. "దొంగల్లా ఒక్కొక్కరే బయటికి నడవాలి. గోడ తాకకూడదు. పళ్లెం చప్పుడైతే వాడు ఔట్."

పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? మునివేళ్లమీద, నవ్వు ఆపుకుంటూ, ఒకరి వెనక ఒకరు. టీచరమ్మ ఏదో అడగబోయి, ఆయన మొహం చూసి, తనూ మునివేళ్లమీద నడిచింది. సీసీ కెమెరా మాత్రం గాజుముక్క వైపు చూసింది, తర్వాత ఆయన వైపు చూసింది, వెళ్లింది.

అక్క వెనకే వచ్చి వంటపాత్ర దగ్గరికి నడిచింది.

"అక్కా, వదిలెయ్."

"ఇంకా సగం ఉందిరా!"

జన్మలో మొదటిసారి ఆమె చెవి పట్టుకుని లాక్కొచ్చాడు.

గోడ కూలలేదు, అలిసిపోయిన మనిషిలా కూర్చుండిపోయింది. దాని వెనకే కప్పు వచ్చింది. దుమ్ము సర్దుకునేసరికి అక్క వీపు ఆనించే చోట ఇటుకల కుప్ప ఉంది.

"షెడ్డులో గాజుముక్క బాగానే ఉంది కదండీ మేస్త్రీ గారూ?" అంది టీచరమ్మ.

"పగిలిందమ్మా. అంతకుముందూ పగిలింది. నేనే మార్చాను."

అక్క ఆయన వైపు చూసింది. ఒరేయ్ అనలేదు.

అప్పుడు సీసీ కెమెరా ఆయన చొక్కా లాగింది. "తాతా, మా ఇంట్లోదీ పగిలింది."

"ఎప్పుడే?"

"ఎప్పుడో. కొత్తది పెట్టేశాను, నువ్వు పెట్టినట్టే. వీళ్లందరికీ కూడా చెప్పాను అలా పెట్టాలని."

"మాదీ పగిలింది," అన్నాడొకడు. "మాది మొన్న కూడా," అంది ఇంకో పిల్ల. దుమ్ముకొట్టుకుపోయిన చేతులు ఒక్కొక్కటే లేచాయి.

"మరి రోజూ బాగున్నాయన్నారు కదర్రా!" అని అరిచింది టీచరమ్మ.

"బాగానే ఉన్నాయి టీచర్. కొత్తవి కదా."

మేస్త్రీ వెనక్కి తిరిగాడు. ఎదురుగా ఇళ్ల వరస. అందరూ తిని నడుం వాల్చిన వేళ. తలుపులన్నీ వేసి ఉన్నాయి, చివరన తన ఇంటి తలుపుతో సహా. రోడ్డుమీద తడిమరక నల్లగా మెరుస్తోంది. ఇవాళ దానిమీద ఒక్క కుక్కా లేదు.

అక్క అప్పటికే రోడ్డు దాటి అటు చివరినుంచి గరిటెతో తలుపులు బాదుకుంటూ వస్తోంది. ఆయన మొదటి ఇంటి తలుపు కొట్టాడు.

"ఎవరూ?" లోపల్నుంచి నిద్రగొంతు.

"నేనమ్మా, మేస్త్రీని. ఉన్నపళంగా పిల్లల్ని తీసుకుని బయటికి రా."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు కదల్లేదు.

"పట్టేసింది బాబాయ్. నాలుగు రోజుల్నుంచీ ఇంతే. అటునుంచి గట్టిగా తొయ్యి."

మేస్త్రీ తలుపుకి భుజం ఆనించాడు. మెల్లగా, చాలా మెల్లగా తోయడం మొదలుపెట్టాడు.